వేపాకు పరీక్ష

మా బావ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆ రోజు జరిగిందంతా చదువురానివాళ్ల పని అనుకుంటారు. చదువు రానివాళ్లతో నాకు పేచీ లేదు. సగం చదివి, మిగతా సగాన్ని పెద్దరికంతో నింపుకునేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మంట.

నేను నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. ఏటా ఫాస్ఫోలైపేజుల పాఠం వస్తుంది. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో అల్లిన పొర ఒకటి ఉంటుంది. ఆ పొరను అక్కడక్కడా కత్తిరించే ఎంజైములివి. తిన్న గుడ్డులో కొవ్వు అరగాలంటే క్లోమరసంలో ఇవి ఉండాల్సిందే. కాల్లో ముల్లు దిగితే అక్కడి కణాల పొరలోంచి ఒక ఆమ్లాన్ని విడదీసేవీ ఇవే. వాపు, మంట, నొప్పి పుట్టించే రసాయనాలు దాంతోనే తయారవుతాయి. ఒంట్లో ఉన్నంతసేపు వీటికి పగ్గాలుంటాయి. పాము విషంలో ఉన్నదీ ఈ వంశమే, కాకపోతే దానికి పగ్గాలుండవు. ఎర్రరక్తకణాల పొరల మీద పడితే అవి పగిలిపోతాయి. ఇంత చెప్పాక పిల్లలు అడిగేది ఒక్కటే, "ఇది పరీక్షకు వస్తదా మేడం?" అని.

మా అక్కావాళ్ల ఊరు బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ పారే చెరకు పొలాల్లో ఉంటుంది. ఒకరోజు పొద్దున బర్రెలకు చెరకాకు కోయడానికి వెళ్లిన అక్కను పాము కరిచింది. కుక్కర్ కూసినట్టు బుస వినిపించిందట. అది రక్తపింజర అని చెప్పడానికి ఆ బుస చాలు. నాకు ఫోన్ చేసింది మాత్రం బావ, అదీ శుభవార్త చెప్పినట్టు.

"అక్కకు పురుగు ముట్టింది. ఫికర్ వెట్టుకోకు. వేపాకు చేదున్నదంటుంది."

మా వైపు పాము పేరెత్తరు, పురుగు అంటారు. కరవగానే వేపాకు నమిలిస్తారు. చేదు తగిలితే విషం ఎక్కలేదని లెక్క, చప్పగా ఉంటే ఎక్కిందని. రక్తంలో జరిగేదానికీ నాలుక మీది చేదుకూ ఏం సంబంధమో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి సైన్సు మాస్టారు. ఆయనే చెట్టెక్కి కొమ్మ విరిచాడు.

"బావా, ఇప్పుడే దవాఖానకు తీస్కపో" అన్నాను.

"ఉత్తగనే ఆగం జేయకు. నాలుక నరాలు మంచిగ పని జేస్తున్నయి. విషం మెదడుకు పోలేదన్నట్టు. గిది సైన్సే."

గిది సైన్సేనట! మూఢనమ్మకానికి రెండు పాఠ్యపుస్తకం మాటలు తొడిగితే అది సైన్సైపోతుంది. పాత తరం కనీసం దేవుడి మీద భారం వేసి దండం పెట్టుకునేది. ఈయన నరాల మీద వేశాడు.

నేనే ఇక్కడినుంచి అంబులెన్సుకు ఫోన్ చేశాను. అది ఇంటి ముందుకొచ్చి ఆగితే బావ వాకిట్లో నిలబడి, అవసరం లేదని తిప్పి పంపాడు. ఆ ముక్క కూడా ఆయనే ఫోన్ చేసి గర్వంగా చెప్పాడు. నేను నిజామాబాద్‌లోనే మా కంఠేశ్వర్ సెంటర్లో కారు మాట్లాడుకుని బయల్దేరాను. దారి పొడవునా నా నోట్లోంచి వచ్చిన తిట్లు విని డ్రైవర్ పాటలు ఆపేశాడు.

నేను చేరేసరికి అక్క వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పాదం నుంచి మోకాలి దాకా కాలు పొంగి, చర్మం నిగనిగలాడుతోంది. చుట్టూ ఊరి పెద్దలు. బావ చేతిలో ఇంకో గుప్పెడు ఆకు.

"మల్ల సూడు. చేదున్నదా?"

"చేదే" అంది అక్క, నమిలి ఉమ్మింది. ఉమ్మి ఎర్రగా ఉంది.

"చిగుళ్లలోంచి నెత్తురొస్తున్నది, కనిపిస్తలేదా?" అని అరిచాను.

"ఆకు కాడ గీరుకున్నది. లేతది తెంపాల్సింది" అన్నాడు బావ. పక్కనున్న పెద్దలు తలలూపారు. కళ్ల ముందు మనిషి రక్తం గడ్డకట్టడం మానేస్తుంటే వీళ్లు లేతాకు, ముదురాకు అని చర్చ పెట్టుకున్నారు. వాళ్లందరి తెలివినీ కలిపి రోట్లో నూరినా చెంచాడు రసం రాదు.

అక్కను రెండు రెక్కలు పట్టి కార్లోకి ఎక్కించాను. బావ లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టరు అక్క రక్తం కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెట్టాడు. తర్వాత వంచి చూపించాడు. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది. వెంటనే విషానికి విరుగుడు ఎక్కించారు.

"ఇంత లేటెందుకు చేసిండ్రు?" అని డాక్టరు అడిగితే బావ నా వైపు చూశాడు. జవాబు నేను చెబుతానని ఆయన ఆశ! ఆ మాట ఆయన నోటితోనే రావాలనుకున్నాను. రాలేదు.

విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది. అప్పటికే ఆ విషం చెడగొట్టిన కిడ్నీలను బాగుచేయలేదు. అక్క బతికింది. కిడ్నీలు మాత్రం కోలుకోలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకొస్తారు. బావ ఆమెను లోపల దింపి బయట బల్ల మీద కూర్చుంటాడు. నేను ఆయనతో మాట్లాడను. ఎదురైతే తల తిప్పుకుంటాను, అదీ ఆయనకు తెలిసేలా తిప్పుకుంటాను.

మొన్నొకసారి మిషన్ నడుస్తుండగా అక్కను అడిగేశాను. "చేదు లేదని ఒక్క మాట అంటే అప్పుడే దవాఖానకు ఉరికిస్తుండె గద అక్కా! నీ కాలు నీకు తెలుస్తలేదా?"

అక్క కాలి మీది దుప్పటి సర్దుకుంది.

"మొదాలు నిజంగనే చేదుండె చెల్లె. ఆకు వట్టుకున్న మీ బావ చెయ్యి గజగజ వణుకుతుండె. చేదున్నదనంగనే నిమ్మలపడ్డడు. రెండోసారి వెట్టినప్పుడు నోట్లె అంత నెత్తురు రుచే. లేదంటె మల్ల వణుకుతడని, చేదే అన్న."

నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి మీదున్న ఏవగింపు మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. అక్క అది నా మొహంలో చూసినట్టుంది, చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"పొద్దుగాల్నుంచి ఏం తినలే ఆయన. జర బయటికి పోయి ఏమన్న తినవెట్టిరా" అంది.