గిరాకీ లేదని రాయించిన వీధి

మా అమ్మకు మెట్టుగూడలో గాజుల దుకాణం ఉండేది. పొద్దున ఇంట్లో ఒక కప్పు టీ తాగి బయల్దేరిందంటే, రాత్రి బొల్లారంలోని మా ఇంటికి తిరిగి చేరేదాకా నీళ్లు ముట్టేది కాదు. ఆ వీధిలో అన్ని దుకాణాలున్నా ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లం రైల్వే గోడ పక్కకు వెళ్లి వచ్చేవాళ్లం. దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. నా బుర్రంతా బేరాల మీదే.

పెళ్లిచూపుల్లో కాఫీయా, టీయా అని అడిగితే, ఏది పెద్ద గ్లాసులో ఇస్తారని అడిగిన ఘనుణ్ణి. మా బజారులో పెరిగిన అందరికీ ఒక అలవాటుంది. కొత్తమనిషి వచ్చి వ్యాపారం ఎలా ఉందంటే, దుకాణంలో కాలు పెట్టే సందు లేకపోయినా, గిరాకీ లేదనే చెప్పాలి. పన్నులవాళ్లకూ అదే, చందాలవాళ్లకూ అదే, దిష్టికీ అదే.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, పాత బజారు వీధుల్ని బాగుచేసే పథకం ఒకటి వచ్చింది. ఎంచుకున్న వీధికి లైట్లు, మురుగునీటి మోరీకి మూతలు, మరుగుదొడ్లు. ఆ కబురు విని అమ్మ, "బిడ్డా, ఆ లెట్రిన్ మనకొస్తదా? జెర సూడు" అంది. అమ్మ నన్ను ఏదైనా అడగడం అరుదు.

దుకాణాల సంఘానికి కార్యదర్శిని నేనే. నోరున్నవాడినని పెట్టుకున్నారు. వీధుల్ని ఎంచడానికి సర్వేకి వస్తారన్న ముందురోజు దర్జీ చాచా కొట్టు ముందు అందర్నీ కూర్చోబెట్టాను.

"అందరిదీ ఒక్కటే మాట. గిరాకీ లేదు, మునిగిపోయినం. ఎంత ఏడిస్తే అంత ఇస్తరు."

"అరె భయ్, ఏడ్సుడు నాకు నేర్పిస్తున్నవా?" అన్నాడు చాచా. "పెండ్లిళ్ల సీజన్ల సుత ఏడ్సినోణ్ణి."

మర్నాడు సర్వేకి వచ్చిన మేడం వెంట కొట్టుకొట్టుకూ తిరిగాను. అందరూ అప్పజెప్పినట్టే చెబుతుంటే గర్వంగా ఉంది. చివర మా దుకాణం. అమ్మ ఒక పెళ్లికూతురి చేతికి గాజులు ఎక్కిస్తోంది. వెనక ఇంకో నలుగురు నిలబడ్డారు.

"గిరాకీ ఎలా ఉంటుందమ్మా?"

"మంచిగనే ఉంటది మేడం. పొద్దంత లేవనియ్యరు. గందుకే మాకు..."

నేను మధ్యలో దూరాను. "ఆమెకు తెల్వది మేడం. ఇయ్యాల ముహూర్తమని వచ్చిన్రు, గంతే."

అమ్మ నావైపు ఒకసారి చూసి, మళ్లీ ఆ పిల్ల చెయ్యి అందుకుంది. మేడం రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టి, సంఘం ముద్ర కూడా కొట్టాను.

ఎంపికైన వీధుల జాబితాలో మా వీధి లేదు. ఆఫీసుకెళ్లి గొడవపడ్డాను. మేడం నా కాగితమే నా ముందు పెట్టింది.

"జనం వచ్చే బజార్లు నిలబడాలని ఈ పథకం. మీ దగ్గర కొనేవాళ్లే లేరని మీరే రాయించారు. ఎవరి కోసం కట్టాలి?"

"అది అబద్ధం మేడం. మస్తు గిరాకీ. ఆదివారం వచ్చి సూడున్రి."

"ఇది మాత్రం నిజమని ఎలా నమ్మాలి?"

బేరం తగ్గించాను. లైట్లు వద్దు, మోరీ వద్దు, ఆ ఒక్కటీ ఇప్పించండన్నాను. ఆమె ఫైలు మూసేసింది.

ఆ ఎండాకాలం అమ్మకు చలిజ్వరం వచ్చి తగ్గలేదు. ఏళ్లతరబడి ఆపుకోవడం, నీళ్లు తాగకపోవడం వల్ల ఒక కిడ్నీ పాడైందని డాక్టరు చెప్పాడు. మంచం పక్కన కూర్చుని, వచ్చే ఏడు మన వీధికి తప్పకుండా ఇస్తారని చెప్పాను. ఆఫీసులో ఎవరూ ఆ మాట అనలేదు.

"వస్తదో రాదో. రేపటిసంది దుకాణంల నువ్వు కూసో, నాతోని కాదు" అంది.

కూర్చున్నాను. గాజులు ఎక్కించడం నాకు చేతకాదు. సగం నా వేళ్ల మధ్యే పగిలేవి. ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి, "అమ్మ లేదా?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకు గుమ్మం దాకా రావడం కూడా మానేశారు.