మల్బరీ పుల్లలు, అవ్వ ముక్కు

మొన్న హిందూపురంలో కూతురింట్లో కాఫీ తాగుతుంటే కొరియర్‌లో ఒక అట్టపెట్టె వచ్చింది. మా అల్లుడు దాన్ని ప్రసాదం పొట్లంలా భక్తిగా విప్పి, వేలెడంత పుల్లల కట్ట తీసి మనవరాలి చేతికిచ్చాడు. ఆ పిల్ల ఒక గినీ పిగ్గును పెంచుతోంది, తోక లేని లావుపాటి ఎలుక అనుకోండి, పేరు లడ్డు. దాని పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయట, కొరకడానికి గట్టిదేదీ లేకపోతే నోట్లోనే వంకర తిరిగి తిండి తినలేక చచ్చిపోతుందట. ఇప్పటికే అది మేత సరిగా ముట్టడం లేదని, ఏ మందూ తగలని కట్టెపుల్లలు పెట్టమని పశువుల డాక్టరు చెప్పాడట. అంతవరకూ బాగానే ఉంది గానీ పెట్టె మీద రాత చూసేసరికి నాకు ఒళ్లు మండింది. సహజమైన మల్బరీ పుల్లలట, చేత్తో ఏరినవట! పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? చుట్టూ మల్బరీ తోటలు పెట్టుకుని ఎక్కడో ఢిల్లీ నుంచి పుల్లలు తెప్పించుకునే మనిషిని ఏమనాలి? పైగా మా అల్లుడు పుట్టింది ధర్మవరంలో, మూడు తరాలుగా పట్టుచీరలు అమ్ముకుని బతికిన ఇంట్లో. పట్టు తెలుసు, జరీ తెలుసు, ఆ పట్టు ఏ ఆకు తిని వచ్చిందో మాత్రం తెలియదు.

మా కాలం వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. పెనుకొండ పక్కన మా పల్లెలో ఆ పుల్లలు నీళ్లు కాచే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. ఆకు దూసి, సన్నగా తరిగి, తట్టల్లో పట్టుపురుగులకు వేసి, పుల్లల్ని పెరట్లో పోగేసేవాళ్లం. ఎలుకంటే పురుగుల్ని మింగే శత్రువు, దానికి బోను పెట్టడమే గానీ దాని పళ్ల గురించి బెంగపడినవాళ్లు మా వంశంలో లేరు. పురుగుల గదికి మా అవ్వ అధికారి. కాళ్లు కడుక్కోందే గడప తొక్కనిచ్చేది కాదు, మల్లెపూలు పెట్టుకున్నామెనూ నస్యం పీల్చినాయననూ వాకిట్లోనే ఆపేది. ఆకు మోపు రాగానే రెండాకులు అరచేతిలో నలిపి వాసన చూసేది, తర్వాత నాలుగు పురుగులకు విడిగా వేసి, అవి మధ్యాహ్నం దాకా బాగుంటేనే మోపు విప్పనిచ్చేది.

ఒక పంటలో, పురుగులు మూడు నాలుగు రోజుల్లో గూళ్లు కడతాయనగా మా తోటలో ఆకు అయిపోయింది. ఆ వయసులో వాటి ఆకలికి అంతుండదు. నాయన పక్కూరి నుంచి బండెడు ఆకు తెచ్చాడు. అవ్వ నలిపి చూసి, "మందు వాసన వస్తాండాది రా, పక్కన పూలతోటకు కొట్టింటారు, వేయొద్దు" అంది. నాయన నవ్వాడు. "నీ ముక్కును నమ్ముకుంటే పురుగులు పస్తుండాల్సిందే" అని తట్టలన్నిటికీ వేసేశాడు. సాయంత్రానికి పురుగులు తలలెత్తి పచ్చటి రసం కక్కాయి, మరునాడు అన్నిటినీ గుంత తవ్వి పూడ్చాం. అవ్వ ఖాళీ తట్టలు తోమి ఎండబెట్టింది. ముసలిదాని మాట వినడానికి నామోషీ పడిన నాయనను నేను ఆయన ఉన్నన్నాళ్లూ, పోయాక కూడా, మనసులో చులకనగానే చూశాను. మనవరాలికి ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా ఆయన మూర్ఖత్వానికి కాస్త రంగు పూసే చెప్పాను.

అందుకే ఆ పెట్టెను పిల్ల చేతిలోంచి లాక్కుని అలమారపైన పడేసి, మరునాడు పొద్దున్నే బస్సెక్కి పెనుకొండ దిగి, ఇంకా పురుగులు పెంచుతున్న మా చిన్నాయన కొడుకు దగ్గరికి పోయాను. ఇప్పుడు తట్టలూ లేవు, తరగడమూ లేదు, కొమ్మలకు కొమ్మలే పురుగుల మీద పరిచేస్తారు. ఆకంతా తినేశాక మిగిలిన పుల్లలు షెడ్డు పక్కన గుట్టగా ఉన్నాయి. "అవెందుకన్నా నీకు, ఉండు, తోటలో పచ్చివి కోసిస్తా" అన్నాడు వాడు. పురుగు తిన్న కొమ్మను మించిన శుభ్రం ఇంకేముంటుంది, నాకు చెప్పొచ్చావా అని వాడిని కసిరి, చేతికందినంత ఏరుకుని కట్ట కట్టుకుని వచ్చాను.

అల్లుడి ఎదుటే కట్ట విప్పి, ఊరి సరుకు మీద ఒక ఉపన్యాసం దంచి, లడ్డుకు పెట్టమని మనవరాలికి ఇచ్చాను. అది అప్పుడే పంజరం ఊచల్లోంచి మూతి బయటికి పెట్టింది. పిల్ల పుల్ల పెట్టలేదు. రెండు పుల్లల్ని అరచేతుల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తాతా, బాత్రూం కడిగే పొడి వాసన వస్తాండాది. మీ అవ్వయితే వేయనిచ్చేదా?"

నేను నవ్వి, "నీ ముక్కును నమ్ముకుంటే" వరకూ వచ్చి ఆగిపోయాను.

తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు తాపీగా చెప్పాడు. "పురుగు పొర విడిచినప్పుడల్లా రోగం రాకుండా బ్లీచింగూ సున్నమూ కలిపి చల్లతాం కదన్నా. అందుకే గదా తోటలోవి కోసిస్తానంటి." మా చిన్నప్పుడు పుల్ల పురుగుల గది గడప దాటి లోపలికి పోయేది కాదు. ఇప్పుడు పోతుంది, పొడి పూసుకుని వస్తుంది. నా కళ్లెదుటే కొమ్మలు పరుస్తున్నా నాకది తట్టలేదు.

అల్లుడు లేచాడు. అలమారపై నుంచి పెట్టె దించి కూతురికిచ్చాడు. పిల్ల ఆ పుల్లనూ వాసన చూసి, ముందు ఒక్కటే పెట్టి, పంజరం పక్కనే కూర్చుంది. లడ్డు కరకరా కొరకడం మొదలుపెట్టింది.

నేను తెచ్చిన కట్టను వేయడానికి కూతురింట్లో నీళ్లపొయ్యి కూడా లేదు, మున్సిపాలిటీ చెత్తబండిలో వేసి వచ్చాను. అవ్వ పోయింది, తట్టలు పోయాయి, అయినా ఆమె ముక్కు ఎలాగో నన్ను దాటి మనవరాలికి చేరింది. నాకు మిగిలింది నాయన నవ్వు. ఆయనకు కనీసం ఆకలితో ఉన్న పురుగులన్నా సాకుగా ఉండేవి, నాకు అదీ లేదు.