నలభయ్యో గుండుసూది

వ్యోమగాములకు చేతి తొడుగులు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ గుండుసూదమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే దీపం. ఉదయం నలభై గుండుసూదులు లెక్కపెట్టి తీసుకోవాలి. సాయంత్రం నలభై అప్పగించాలి. ఒక్కటి తగ్గినా ఆ రోజు చేయి పడ్డ తొడుగులన్నిటినీ కోసి వెతకాలి. పొరల మధ్య లోహపు అల్లిక ఉండడంవల్ల ఏ యంత్రానికీ సూది ఆనవాలు దొరకదు.

ఒక మంగళవారం ముప్పై తొమ్మిదే తేలాయి. ఆమె సొరుగులోంచి ఒక పాత సూది తీసి వాటిలో కలిపింది. చూపు మందగించిందని తెలిస్తే ఆ బల్ల దగ్గర తనకిక చోటుండదు.

ఆ వారమంతా భోజనాల గదిలో ఒకటే వాదన: మనిషి ముందు చంద్రుడి మీద కాపురం పెట్టాలా, నేరుగా అంగారకుడికే పోవాలా? పక్క బల్ల మీద కుట్టే ఆమె ఆడపడుచు అంగారకుడి పక్షం. ఎన్నడూ నోరు విప్పని గుండుసూదమ్మ ఈసారి చంద్రుడి తరఫున గట్టిగా వాదించింది.

“మా అన్నయ్య పక్కవీధికి రమ్మంటేనే మోకాళ్లంటావు. నీకెందుకు వదినా ఈ గ్రహాల గోల?” అని ఆడపడుచు దెప్పింది.

సూపర్‌వైజరు గుండుసూదమ్మనే సమర్థించాడు. “తప్పులు చేసి నేర్చుకోడానికే చంద్రుడమ్మా. మూడు రోజుల్లో మనిషిని వెనక్కి తెచ్చేసుకోవచ్చు. అంగారకుడంటే నెలల ప్రయాణం.”

ఆ తొడుగులు వెళ్లేది చంద్రుడికే. ఆ మాట పట్టుకుని ఆమె రెండు రోజులు గుండె దిటవు చేసుకుంది. మూడోనాడు కొలత చూడడానికి కొత్త తొడుగులో చెయ్యి దూర్చి, అలాగే నిలబడిపోయింది. సూది గుచ్చి చిల్లు పడితే, గాలి పోవడానికి నిమిషాలు చాలు. మూడు రోజుల దూరం ఆ చేతికి దగ్గరెలా అవుతుంది? తప్పులు నేర్చుకునే చోటు ఒకటుండాలన్న వాదం సబబే కావచ్చు. కానీ ఆ పాఠం ఎవరి చేతి మీద నేర్చుకుంటారో ఆ వాదంలో ఎవరూ చెప్పలేదు.

ఆమె తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది.

“బాబూ, మంగళవారం నేనిచ్చినవి ముప్పై తొమ్మిదే. నలభయ్యోది నా సొరుగులోది.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. “కళ్లా అమ్మా?”

“కళ్లే.”

మంగళవారం ఆమె చేయి పడ్డ జత, ఆరు వారాల పని, బల్ల మీదికి వచ్చింది. కుడి తొడుగును పొర పొరగా కోశారు. సూది లేదు. ఆడపడుచు ఊపిరి పీల్చుకుని, గండం గడిచింది పొమ్మంది. గుండుసూదమ్మ మాత్రం కోసిన పొరలను మరోసారి దులిపి చూసింది. ఇందులో లేకపోతే మరి ఎక్కడుంది?

ఆమె ఎడమ తొడుగు తెప్పించుకుని, కత్తెర తీసుకుని తానే మొదలుపెట్టింది. పది పొరలు విప్పింది. పదకొండోది, బొటనవేలి మలుపు దగ్గర, దీపం కిందికి ఎంత జరిపినా అలుక్కుపోయినట్టే కనిపించింది. అక్కడ వేలితో ఒకసారి తడిమి, మళ్లీ తడిమి, కత్తెర కింద పెట్టింది. కుర్చీలోంచి లేచి పక్కకు జరిగింది.

“ఇలా వచ్చి కూర్చో. నువ్వు చూడు,” అంది ఆడపడుచుతో.