ముందే బయల్దేరిన కార్డు

ఫ్రీ బస్సు, ఫ్రీ బస్సు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. టికెట్టు ఒక్కటే ఫ్రీ. నడుముకు ఫ్రీ లేదు, కాళ్లకు ఫ్రీ లేదు.

మా అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతోంది. మాది చల్లపల్లి పక్కన పల్లెటూరు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి పడుకుని పోయే ఏసీ బస్సులున్నాయి. అవి మాకు కావు. ఆడవాళ్లకు టికెట్టు లేనిది పల్లెవెలుగు బస్సుల్లోనూ ఎక్స్‌ప్రెస్సుల్లోనూ. అందుకని విజయవాడలో దిగి ఒకటి, ఏలూరులో దిగి ఇంకొకటి, రాజమండ్రిలో ఒకటి, తునిలో మరొకటి, ఇలా మారుకుంటూ పోతుంది. తెల్లవారకముందే బయల్దేరితే హాస్టల్ గేటు వేసే వేళకు పడుతుంది. మధ్యలో ఏ బస్సు తప్పినా అంతే సంగతులు. రెండు గేదెల పాలు పోసి చదివిస్తున్నదాన్ని, ఇంతకంటే ఎలా పంపను?

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా అమ్మాయే రాస్తోంది. కాస్త మెత్తగా చెప్పమ్మా అంటోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

మొన్న సెలవులకు ఇంటికొచ్చి జ్వరంతో పడింది. ఆదివారం సాయంత్రానికి గాని మంచం దిగలేదు. మంగళవారం పొద్దున దానికి ప్రాక్టికల్ పరీక్ష. అందుకోకపోతే మళ్లీ ఏడాదికే. కాబట్టి సోమవారం బయల్దేరి తీరాలి.

సోమవారం తూర్పుకు శూల, అటు ప్రయాణం పనికిరాదు అంది మా అత్తగారు. పోక తప్పదని పిల్ల గట్టిగా చెప్పేసరికి, అయితే ఆదివారమే ప్రస్థానం పెడతానంది. అంటే, మంచిరోజు చూసి, వెళ్లవలసిన మనిషి వస్తువేదో మూటగట్టి పొరుగింట్లో ఉంచుతారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మర్నాడు వెళ్లేటప్పుడు ఆ మూట తీసుకుని అటునుంచి అటే పోవాలి. మూట మళ్లీ మన గడప లోపలికి రాకూడదు.

పసుపు బట్టలో మూట కట్టింది ఆవిడే, ఎదురింటి అక్కకు ఇచ్చి వచ్చింది ఆవిడే. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆవిడకు మావగారున్నారు, నాకు మొగుడు లేడు. పిల్ల గడప దాటేటప్పుడు నేను ఎదురు రాకూడదు. వెనక నుంచి బియ్యం సంచి, ఆవకాయ డబ్బా మోసుకుని రావచ్చు. మోయడానికి మాత్రం ఏ శూలా అడ్డం లేదు.

సోమవారం చీకటితో లేచి వెళితే ఎదురింటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తరు. మా అత్తగారు వీధిలో నిలబడి, మూట లేకుండా పిల్ల కదలడానికి వీల్లేదంది. మూటలో పాత చున్నీ తప్ప ఏముంటుంది నాన్నమ్మా, అని పిల్ల బతిమాలింది. అవతల మొదటి బస్సు వచ్చే వేళ. చివరికి పిల్ల చెయ్యి పట్టి లాక్కుని పోయాను. ఆవిడ సణుగుడు మలుపు తిరిగేదాకా వినపడింది.

సంచులున్నాయని విజయవాడ దాకా నేనూ ఎక్కాను. బస్సులో ఎక్కడా సందు లేదు. డబ్బులిచ్చిన మేం నిలబడాలి, ఊరికే ఎక్కినవాళ్లు కూర్చోవాలా అని ఒకాయన మొదలెట్టాడు. కిటికీ పక్కనున్న ముసలామె ఆయన వంకైనా చూడకుండా, "రేపు చీర కట్టుకుని రా బాబాయ్, నా సీటు నీకే ఇస్తా" అంది. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వేదాన్నే. అంతలో కండక్టరు వచ్చి కార్డులు అడిగాడు.

నా ఆధార్ కార్డు రవికలో ఉంది, తీసి చూపించాను. పిల్ల పర్సు తెరిచింది. కార్డు లేదు. బ్యాగంతా బియ్యం సంచి మీద కుమ్మరించింది. లేదు. జ్వరం తగ్గిన మొహం మళ్లీ పాలిపోయింది. ఇంటికి ఫోన్ చేసి నేనే అడిగాను.

"కార్డా? మూటలో పెట్టానుగా" అంది మా అత్తగారు, ఏమీ జరగనట్టు.

"కార్డెందుకు పెట్టావత్తయ్యా మూటలో?"

"ఉత్త గుడ్డ పెడితే అది ఎవరిదో దేవుడికేం తెలుస్తుందే? దాని మీద పిల్ల బొమ్ముంది, పేరుంది. అది వెళితే పిల్ల వెళ్లినట్టే."

పిల్లకు చెప్పకుండా పర్సులోంచి తీసి మరీ పెట్టింది. కార్డు ఆదివారమే ప్రయాణమైపోయింది, పిల్ల సోమవారం కార్డు లేకుండా బయల్దేరింది.

పిల్ల ఫోన్‌లో కార్డు ఫోటో చూపించింది. కండక్టరు చెడ్డవాడేమీ కాదు. అసలు కార్డే చూడాలన్నారమ్మా, చెకింగ్ ఎక్కితే నాకు మాట వస్తుంది, అన్నాడు. విజయవాడకు టికెట్టు కొన్నాం. అక్కడి నుంచి ప్రతి బస్సుకూ కొనాలంటే మా దగ్గర లేవు, పాల డబ్బులింకా రాలేదు. పామర్రులో దిగి వెనక్కి పోయి తాళం పగలగొడతానన్నాను. నువ్వు వెళ్లి వచ్చేసరికి పరీక్ష కూడా అయిపోతుందమ్మా, అంది పిల్ల. దాని గొంతులో ఏడుపు వినపడి, కుమ్మరించిన సామాను మళ్లీ బ్యాగులో సర్దడం మొదలెట్టాను.

ఉయ్యూరు దాటాక ఎదురింటి అక్క తనే ఫోన్ చేసింది. రాత్రి వాళ్లాయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే కారు మాట్లాడుకుని విజయవాడ ఆసుపత్రికి తెచ్చిందట. మూట సంగతి అడిగాను.

"నా దగ్గరే ఉంది చెల్లీ. ప్రస్థానం మూటను లోపల పెట్టి తాళం వేస్తే పిల్ల దారి మూసినట్టు కాదూ? మీ ఇంటికి తిరిగి ఇవ్వకూడదాయె. అందుకని నాతో ముందుకే తెచ్చేశా."

మొగుడు కాలు విరిగి మూలుగుతుంటే మూట మర్చిపోకుండా తెచ్చిన మనిషిని తిట్టనా, మొక్కనా? పిల్ల మాత్రం ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

విజయవాడ బస్టాండులో పిల్లను ఏలూరు బస్సులు ఆగే చోట సంచులతో కూర్చోబెట్టి నేను ఆసుపత్రికి పరుగెత్తాను. బోర్డులు చదవలేను. ఎముకల ఆసుపత్రి అంటే ఆ చుట్టుపక్కల వీధి వీధికీ ఒకటుంది. ఆటో అతను మొదట ఒకచోట దింపాడు. అది పిల్లల ఆసుపత్రి. అడుక్కుంటూ అడుక్కుంటూ, ఎండలో చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకుని చేరాను.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, మూటను గుడిలో ప్రసాదం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని. చెయ్యి చాచాను. ఆవిడ ఇవ్వలేదు. మూట కాస్త వెనక్కి జరిపింది. నువ్వు ముట్టుకోకూడదని మీ అత్తగారు చెప్పారు, డాక్టరు చూసి వెళ్లగానే నేనే బస్టాండుకొచ్చి పిల్ల చేతికిస్తాను, అంతదాకా కూర్చో, అంది. ప్రేమగానే అంది. అదే నాకు ఎక్కువ మండింది.

"అక్కా, దాన్ని కన్నదాన్ని నేను. ఇటివ్వు" అన్నాను.

ఆవిడ ఇవ్వకముందే నేనే తీసుకున్నాను. అక్కడే ముడి విప్పి, కార్డు తీసుకుని, పసుపుకొమ్మూ బియ్యం గింజలూ చున్నీ ఆవిడ చేతిలోనే పెట్టేశాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగి ఓదార్చే టైము లేదు నాకు.

నేను బస్టాండుకు వచ్చేసరికి రెండు బస్సులు వెళ్లిపోయాయి. మూడోదాంట్లో కాలు పెట్టేందుకు చోటు లేదు. ఆ బియ్యం సంచితో ఎక్కడం కుదరదు, సంచి నేనే ఉంచేసుకున్నాను. పిల్ల మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో కార్డు పట్టుకుంది. బస్సు వెళ్లిపోయింది. అన్నం తినమని చెప్పడం కూడా మర్చిపోయాను.

ఏలూరు దాకా కూర్చోలేదు. రాజమండ్రి దాకా కూర్చోలేదు. తునిలో సీటు దొరికిందని ఫోన్ చేసింది. తర్వాతి బస్సులు వెంటవెంటనే దొరికి, గేటు వేస్తుండగా హాస్టల్లో పడింది. పరీక్షకు అందుకుంది.

నిలబడి నిలబడి కాళ్లు వాచాయని, గాజు గొట్టం పట్టుకుంటే చేతులు వణికాయని, తర్వాత మెల్లగా చెప్పింది. పాసైంది. మా అత్తగారు వీధి వీధీ చెప్పుకుంది. ఎదురింటి అక్క స్వీటు తెచ్చిచ్చింది. అందరూ పాసైందిగా, ఇంకేంటి అంటారు. నేను మార్కులు అడిగాను. దాని కంటే తక్కువ చదివే పిల్లకు దానికంటే ఎక్కువ వచ్చాయట. ఆ పిల్లదీ మన వైపే, విజయవాడ. రాత్రి బస్సులో పడుకుని, పొద్దున్నే దిగి, స్నానం చేసి వచ్చిందట.