మేస్త్రి కారు ట్యాపెట్ కవరు

ఆయన కట్టేసిన కొళాయిని మళ్లీ తిప్పాలంటే ఆయనే రావాలి. ఆ సంగతి వీధిలో చిన్నపిల్లలక్కూడా తెలుసు. నీళ్ల శాఖలో పైపులు మోసే పనితో మొదలుపెట్టి మేస్త్రిగా రిటైరైన మనిషి. ఎక్కడైనా చుక్క కారిందంటే చాలు, ఆయన చెయ్యి దానంతటదే రెంచీ కోసం వెతుక్కుంటుంది. కారేదాన్ని బిగించాలి, ఇంకా కారితే ఇంకా బిగించాలి. బతుకంతా ఆ ఒక్క సూత్రం మీదే నడిపాడు, ఊరంతా నీళ్లు తాగింది. ఇంట్లో మాత్రం దాంతో చిక్కే. ఆయన బయటికెళ్లిన పూట కాఫీపొడి సీసా మూత రాక, ఆయన భార్య సీసాతో సహా పక్కింటి గుమ్మంలో నిలబడేది. పక్కింటాయన దాన్ని చూసి, "మేస్త్రిగారు మూసిందా? నా వల్ల కాదు గానీ, మా ఇంట్లోనే తాగి వెళ్లండమ్మా" అనేవాడు.

ఆయనకో కారుంది. ముందు భాగం గుండ్రంగా, దీపాలు రెండూ దేనికో ఆశ్చర్యపోయిన కళ్లలా ఉండే పాతకాలపు కారు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఒక్కగానొక్క కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. ఇప్పుడు ఆ కూతురికి కూతురు పుట్టింది. నెలలు నిండలేదని పాపను ఆస్పత్రిలోనే అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లీతండ్రీ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదన్నారు. తాత రోజూ వెళ్లి, గాజు తలుపు అవతల నిలబడి, తువ్వాలులో దాదాపు కనిపించని ఆ మొహాన్ని చూసి వచ్చేవాడు. చివరికి శుక్రవారం పంపిస్తామని డాక్టరు చెప్పింది. పాప తన కారులో ఇంటికి రావాలి. మేస్త్రికి అంతకు మించి కోరికంటూ ఏదీ మిగల్లేదు.

అల్లుడు అడ్డుపడ్డాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. మంచివాడే. కాకపోతే బిడ్డ పుట్టిన దగ్గర్నుంచీ గాలిని కూడా అనుమానంగా చూస్తున్నాడు.

"మామయ్యగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట."

"చెప్పండి బాబూ."

"కారులో నూనె కాలిన వాసన వస్తోందండీ. మొన్న మీతో వస్తే నాకే తల తిరిగింది. పాప ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం. టాక్సీ పిలుద్దాం."

మేస్త్రి నొచ్చుకోలేదు. అల్లుడు చెప్పింది నిజం. ఇంజన్ నెత్తిన వాల్వుల్ని కప్పి ఉంచే పొడవాటి రేకు మూత ఒకటుంటుంది. ట్యాపెట్ కవర్ అంటారు. దాని అంచులోంచి నూనె కారి, కింద నిప్పులా కాలే పొగగొట్టం మీద పడుతోంది. ఆ పొగ డాష్‌బోర్డు సందుల్లోంచి లోపలికి వస్తోంది. మూత కింద వేసే కార్క్ ప్యాకింగ్ మార్చాడు. బోల్టులు బిగించాడు. కారింది. మళ్లీ మార్చి, ఇంకా బిగించాడు. ఇంకా కారింది.

"శుక్రవారం లోపు ఆ వాసన లేకుండా చేస్తే?" అనడిగాడు.

"లేకపోతే నాకేం అభ్యంతరం మామయ్యగారూ? కానీ నేను కూర్చుని చూశాకే."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఆ మూతను ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, భార్యను వెంటబెట్టుకుని పాత స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపే ఆవిడని అందరూ స్పేర్ల అక్క అంటారు. చుట్టూ వేలాడే చక్రాల మధ్య, మోచేతుల దాకా గ్రీజుతో కూర్చుని ఉంటుంది.

"దీనికి కొత్తది కావాలమ్మా."

"కొత్తదా బాబాయ్? ఈ బండికి కొత్త మూత దొరికితే నేను అమ్ముతానా? అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకుంటా." ఆవిడ మూతను కౌంటర్ అద్దం మీద బోర్లా పెట్టి ఒక మూల వేలితో నొక్కింది. అవతలి మూల లేచింది. వదిలితే పడింది. టక్. మళ్లీ నొక్కింది. టక్. "ఇది మూతా, ఉయ్యాలా?" అంటూ అంచు తడిమింది. "ప్రతి బోల్టు దగ్గరా గుంటే. ఎవరు బాబాయ్ బిగించింది? మనిషేనా?"

"ఎవరో మెకానిక్కు," అన్నాడు మేస్త్రి, గోడమీది క్యాలెండర్‌ని శ్రద్ధగా చూస్తూ.

భార్య నవ్వాపుకోలేకపోయింది. "ఆ మెకానిక్కు మా ఇంట్లోనే ఉంటాడమ్మా. పెళ్లయిన దగ్గర్నుంచీ నా సీసాలన్నీ ఆయనే మూస్తాడు."

స్పేర్ల అక్క పగలబడి నవ్వింది గానీ, ఆయన మొహం చూసి తగ్గింది. "బాబాయ్, ఇది నీళ్ల పైపు కాదు. లోపల తోసుకొచ్చే ప్రెషరేమీ ఉండదు. నూనె అలా చిందుతూ ఉంటుంది, అంతే. కార్క్ మెత్తటిది. మీరు నొక్కేకొద్దీ అది నలిగి పక్కకి జారిపోతుంది. పైన రేకు వంగి, రెండు బోల్టుల మధ్య నోరు తెరుస్తుంది. మీరు బిగించబట్టే కారుతోంది."

మేస్త్రి అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు. కొళాయి తిప్పితే నీళ్లు పైకి ఎగిరి ట్యాంకులో పడతాయని చెప్పినట్టుంది ఆయనకి. వాసన వచ్చినప్పుడల్లా, కూతురు ఎక్కే కారని, అందరికంటే గట్టిగా బిగించింది తనే.

"బాగవుతుందా?"

"చక్కగా అవుతుంది. కూర్చుని ఓపిగ్గా చదును చెయ్యాలి. కొత్త కార్క్ నేనిస్తా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. వేళ్లతో తిరిగినంత తిప్పాక, స్పానర్‌తో ఒక్క అరచుట్టు. అక్కడితో చెయ్యి తీసెయ్యాలి."

పెరట్లో పని మొదలైంది. మూతను కిరసనాయిల్లో కడిగి, రంగు ఊడే మందు పూశాడు. పైన నల్ల రంగు పొరలు పొరలుగా లేచింది. దాని కింద ఆకుపచ్చ బయటపడింది.

"ఏవండీ, మనం కొన్నప్పుడు ఇది ఆకుపచ్చే కదూ?" అంది భార్య. "నల్లది ఎప్పుడేశారు?"

"మరకలు కనబడవని ఎప్పుడో వేసుంటాను."

"మళ్లీ ఆకుపచ్చే వెయ్యండి. మరక పడితే కనబడనివ్వండి."

చెక్కదిమ్మె మీద అంచు ఆనించి, చిన్న సుత్తితో ఒక్కో గుంటనూ వెనకనుంచి తట్టాడు. గట్టిగా కొడితే అవతలికి ఉబ్బుతుంది. మళ్లీ ఇటునుంచి తట్టాలి. తట్టడం, పాత కిటికీ అద్దం మీద పెట్టడం, అంచు కిందికి కాగితం ముక్క దూరుతుందేమో చూడడం. దూరితే మళ్లీ తట్టడం. పెద్ద పెద్ద పైపుల మెడలు విరిచిన చేతికి అంత చిన్న దెబ్బలు కొట్టడం కొత్త. మధ్యాహ్నానికి మణికట్టు కాదు, ఓపిక నొప్పి పుట్టింది. చివరికి కాగితం ఏ పక్కనుంచీ దూరలేదు. గరుకు కాగితంతో రుద్ది, వేడికి ఆగే రంగు పల్చగా పూసి ఎండలో పెట్టాడు. దుమ్ము పడకుండా భార్య పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి కాకినీ తిట్టింది.

గురువారం సాయంత్రం అల్లుడు వచ్చేసరికి మూత ఇంజన్ మీద కూర్చుని ఉంది. బోల్టులన్నీ వేళ్లతో తిప్పి వదిలేసి ఉన్నాయి. మేస్త్రి స్పానర్ చేతికిచ్చాడు.

"నేనా? నాకిది పట్టుకోవడమే రాదండీ."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. నా చేతికి ఆగడం తెలీదు బాబూ. అక్కడ కార్క్ నలిగిపోతున్నా ఇంకొంచెం అంటుంది. మీ చేతికి భయం ఉంది. ఇవాళ నాకది కావాలి."

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని అర్థమై, చొక్కా చేతులు మడిచాడు. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా పోయాడు. నిద్రపోయే వాళ్ల చేతికి గడియారం పెడుతున్నట్టు తిప్పుతున్నాడు.

"విరిగిపోదు కదా?"

"విరగదు."

"ఎక్కువైందేమోనండీ?"

"కాలేదు. కానివ్వండి."

మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒకసారి కుడిచెయ్యి ముందుకొచ్చింది. "ఏవండీ," అంది భార్య వెనకనుంచి. "ఊరికే చూస్తున్నానే," అని మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు.

చివరి బోల్టు దగ్గర అల్లుడు తలెత్తాడు. "ఇది ఇంకా తిరిగేట్టుంది. తిప్పమంటారా?"

"వద్దు," అన్నాడు మేస్త్రి. ఆ మాట బయటికి రావడానికి కాస్త సేపు పట్టింది.

ఇంజన్ కాగేదాకా నడిపి, అల్లుడు అంచు వెంబడి తెల్ల కాగితం తిప్పి చూశాడు. మరక లేదు. అతనికది చాల్లేదు. కిటికీ అద్దాలన్నీ ఎత్తేసి వెనక సీట్లో కళ్లు మూసుకు కూర్చున్నాడు. మేస్త్రి కారును ఎత్తు మీదికీ పల్లంలోకీ, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ ఊరంతా తిప్పాడు. అద్దంలో అల్లుడి ముక్కునే చూస్తున్నాడు.

"వాసన వస్తోంది," అన్నాడు అల్లుడు.

మేస్త్రి కాలు బ్రేకు మీదికి పోయింది.

"పాత సీటు వాసన. అది పర్వాలేదు." అల్లుడు కళ్లు తెరిచాడు. "రేపు మన కారే మామయ్యగారూ."

మేస్త్రి రోడ్డంతా ఖాళీగా ఉన్నా హారన్ కొట్టాడు.

శుక్రవారం పాప సీటును అల్లుడు బెల్టుతో కట్టి, ఊపి చూసి, నమ్మకం కుదరక మళ్లీ ఊపి చూశాడు. కూతురు పక్కన కూర్చుంది. మేస్త్రి కారును ఎంత నెమ్మదిగా పోనిచ్చాడంటే, కూరగాయల బండి తోసుకుపోయే మనిషి దాటిపోతూ వెనక్కి తిరిగి చూశాడు. సగం దారిలో అల్లుడు ఒక్క కేక పెట్టాడు.

"ఆపండి మామయ్యగారూ! పాప మొహం కందిపోయింది!"

కారు ఆపగానే ఇద్దరూ దిగి బానెట్ ఎత్తారు. మేస్త్రి జేబురుమాలు తీసి ఆకుపచ్చ మూత అంచంతా తుడిచాడు. రుమాలు తెల్లగా వెళ్లి తెల్లగానే వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమండోయ్!" అని లోపల్నుంచి కూతురు పిలిచింది. "మీ ఇద్దరికీ ఇంజన్ తప్ప ఇంకేమీ గుర్తురాదా?"

అల్లుడు కిటికీలో తలపెట్టాడు. "పొగ కాదు కదా?"

"పొగ కాదు మహానుభావా, మీ కూతురు. కడుపు ఖాళీ చేసుకుంది, మొహం అందుకే అలా పెట్టింది. ఆ సంచిలోంచి తుడిచే గుడ్డలు తియ్యండి. నాన్నా, నువ్విటు రా. మార్చేశాను గానీ సీటు తుడవాలి. కాసేపు పట్టుకో."

మేస్త్రి తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నేనా?"

"నువ్వే. చేతులు శుభ్రంగా ఉన్నాయా?"

అల్లుడు అప్పటికే చేతులు శుభ్రం చేసే మందు సీసా తెచ్చి ఆయన అరచేతుల్లో ఒంపాడు. వేళ్ల సందుల్లో కూడా రుద్దుకోమన్నాడు. రుద్దుకున్నాడు. కూతురు పాపను ఆయన చేతుల మధ్యకి జార్చింది. తన సంచిలో మోసిన అతి చిన్న రెంచీ కూడా ఇంతకంటే బరువుండేది. పాప ఒక కన్ను తెరిచి, చూసిందో లేదో తెలియకుండానే మూసుకుంది.

అటుగా పోతున్న స్కూటరు నెమ్మదించింది. ఎత్తిన బానెట్‌ను, పక్కన నిలబడ్డ పెద్దాయన్ను చూసి, "బండి మొరాయించిందా తాతా? చెయ్యి వెయ్యమంటారా?" అని అడిగాడు దానిమీది కుర్రాడు.

"లేదు నాయనా, బండి బాగుంది," అన్నాడు మేస్త్రి గొంతు బాగా తగ్గించి. "మేమే కాసేపు ఆగాం."