బట్టల కొట్టు అరుగు

ఇవాళ విజయనగరం కోట దగ్గరి పాత బజారులో ఒక బట్టల కొట్టు చూడ్డానికి మున్సిపాలిటీ కమిటీ తరఫున ముగ్గురం వెళ్లాం. కొట్టు ముందున్న అరుగూ, చెక్క స్తంభాలూ తీసేసి అద్దాలు పెట్టుకుంటానని షావుకారు అర్జీ పెట్టుకున్నాడు. లోపలున్న టెరిలిన్ బట్టలు వీధిలోకి కనపడాలట. ఆ వరసలో కొట్లన్నీ మా తాతలనాటి నుంచీ ఒక్క తీరున ఉన్నాయి. ఒకటి మారితే మిగతావి ఆగవు.

ఎండ మాడ్చేస్తోంది. ముగ్గురం ఆ అరుగు మీదే కూలబడ్డాం. షావుకారు గోలీసోడాలు తెప్పించాడు.

"గజపతినగరం నుంచి పెళ్లిబట్టలకి ఇంటిల్లిపాదీ వస్తారు కదేటి. ఆళ్లంతా ఎక్కడ కూకుంటారు?" అని అడిగాను.

"కూకుంటే బేరాలాడతారు బాబూ. నిలబెడితే ఏదోటి కొనేసి ఎలిపోతారు," అన్నాడు షావుకారు.

"అదీ నిజవేలే," అన్నాడు మా కమిటీ పెద్దాయన, స్తంభానికి వీపు ఆనించి కాళ్లు బారజాపుకుంటూ. రెండో ఆయన తలూపాడు. కాదన్నది నేనొక్కణ్ణే. అనుమతి కాగితాన్ని ఆ అరుగు మీదే పరిచి ఇద్దరూ సంతకాలు చేశారు. తీరా లేవబోతే పెద్దాయనకి మోకాలు పట్టేసింది. ఆ స్తంభాన్నే పట్టుకుని లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

రేపు పొద్దున్నే కూలీలు పలుగులతో దిగుతారట. ఆ వీధిలో పనున్నవాళ్లు ఈ పూటే వెళ్లి కాసేపు కూర్చుని రండి. రేపటినుంచి మమ్మల్ని తిట్టాలన్నా నిలబడే తిట్టాలి.