కోతకు లొంగని ముక్క

పొద్దున మా గేటుకు రంగు వేయడానికి వచ్చిన మనిషి థిన్నర్ డబ్బా మూత తీశాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకీ వాకిట్లోకీ ఊరికే తిరిగాను. ఒకప్పుడు హోసూరులో నేను పనిచేసిన ల్యాబులో రోజంతా ఉండేది ఇలాంటి వాసనే. ఆ ల్యాబు డాక్టర్ లలితమ్మది.

తొంభైల చివర్లో ఆమె దగ్గర టెక్నీషియన్‌గా చేరాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కలో నీరంతా స్పిరిట్‌తో లాగి, థిన్నర్‌లాగే ఘాటుగా ఉండే జైలీన్‌లో ఉంచి, కరిగిన మైనంలో నానబెట్టి గట్టి బ్లాకుగా పోసేవాళ్లం. దాన్ని యంత్రం మీద ఉల్లిపొర కన్నా పలచగా కోసి గాజు పలక మీద పరిస్తే, లలితమ్మ మైక్రోస్కోపులో చూసి రోగమేమిటో చెప్పేవారు. ఆమె కూర్చోగా నేను చూసింది ఆ మైక్రోస్కోపు ముందు మాత్రమే. మిగిలిన వేళంతా కాఫీ గ్లాసు పట్టుకుని నడుస్తూనే ఉండేవారు. ఆ చెప్పుల చప్పుడుకు మొదట్లో నా చేయి తొందరపడేది.

ఒక వానాకాలంలో కృష్ణగిరి అవతలి పోచంపల్లి రైతు మునిరత్నప్ప భార్యకు రొమ్ములో గడ్డ లేస్తే, కృష్ణగిరి సర్జన్ చిన్న ముక్క తీసి పంపారు. రిపోర్టు రాగానే రొమ్ము తీసేయాలని అంతా సిద్ధం. నేను కోత యంత్రం చక్రం తిప్పితే అంచులు బాగానే తెగుతున్నాయి, నడుమ మాత్రం పొడిగా రాలి చిల్లు పడుతోంది. బ్లేడు మార్చాను. మైనం గట్టిపడాలని బ్లాకును ఐసు మీద పెట్టాను. బ్లేడు వాలు సరిచేశాను. మళ్లీ చిల్లే. తిప్పినప్పుడల్లా ఉన్న కాస్త ముక్కా తరిగిపోతోంది.

"ఆపమ్మా! ఇంగ తిప్పొద్దు," అన్నారు లలితమ్మ వెనక నుంచి.

"ఇంకొక్కసారి చూస్తాను మేడం."

"చూసింది చాలు. తప్పు బ్లేడుది కాదు." బ్లాకును తీసి గోటితో నొక్కారు. నడుమ మెత్తగా దిగింది. "లోపలికి మైనమే పోలేదు. ఈ వానకు స్పిరిట్ నీళ్లు పట్టి, ముక్కలో తడి లాగలేదు. కొత్తది తెప్పించాల్సింది నేను. తెప్పించలేదు."

ఉన్న అంచులు చూసి చెప్పేయమని సర్జన్ ఫోనులో అడిగితే ఆమె ఒప్పుకోలేదు. నేరుగా బయట బెంచీ మీదున్న మునిరత్నప్ప దగ్గరికి నడిచారు.

"ముక్క సరిగ్గా ఊరలేదప్పా. తప్పు మాది. మళ్లా మొదట్నించి చేయాల. రేపు సాయంత్రం దాకా ఓర్చుకో."

"రేపు పొద్దున్నే ఆపరేషన్ పెట్టినారమ్మా. ఆమె నిన్నట్నించి కూడు ముట్టలేదు. అందరూ క్యాన్సరేనంటాండారు కదా, అదే రాసిచ్చేయండి."

"అందరూ అంటే నేనెట్ల రాసేదప్పా? నేను చూడాల."

అతను విసురుగా లేచి బస్టాండు వైపు వెళ్లిపోయాడు. కాసేపటికి వానలో తడిసి మళ్లీ వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు.

మైనం కరిగించి, ముక్కను వెనక్కి కొత్త స్పిరిట్ దాకా తీసుకెళ్లి, తిరిగి మైనంలో పోశాం. మర్నాడు కోసిన పొర రిబ్బనులా చిల్లు లేకుండా వచ్చింది. లలితమ్మ మైక్రోస్కోపు ముందు చాలాసేపు కూర్చున్నారు. క్యాన్సరే.

"ముందే అంటిమి కదమ్మా," అన్నాడు మునిరత్నప్ప. "ఒక పొద్దు ఊరికే పోగొట్టినారు."

"మీ ఇంటామె ఎప్పుడైనా అడుగుతుందప్పా, నిజంగా తీయాల్సిందేనా అని. అప్పుడు నీకు అనుమానం ఉండకూడదు."

అతను రిపోర్టు కవరు తీసుకుని వెళ్లాడు.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు భార్యే వచ్చి లలితమ్మను ఆ మాటే అడిగింది. లలితమ్మ ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి ఆ పలక మీది క్యాన్సర్ కణాలను మైక్రోస్కోపులో చూపించారు. "ఇంత చిన్నవా అమ్మా!" అని ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

ఇప్పుడు కృష్ణగిరిలో వేరే ల్యాబులో పని నాది. నా చేయి ఈనాటికీ తొందరపడుతుంది. అయినా ముక్క తెగకపోతే చక్రం వదిలేసి, బయట కాచుకున్న మనిషి దగ్గరికి నేనే వెళ్లి ఆలస్యమెందుకో చెబుతాను.